జైలు గేటు దగ్గర ఆగిపోకూడని మందు

శ్రోతలకు నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఇటు ఇచ్ఛాపురం దాకా ఈ ప్రసంగం వింటున్న మీ అందరికీ. హెచ్‌ఐవీ రాకుండా ముందే వేసుకునే మందు ఒకటుంది. అరెస్టులు, రిమాండు, బెయిలు, వాయిదాల మధ్య నలిగే ఆడవాళ్ళకు అది చాలా అవసరం. వాళ్ళ దగ్గరే అది ఎక్కువగా మధ్యలో ఆగిపోతుంది. ఆగకుండా ఏం చేయాలో ఈ రోజు చెప్పుకుందాం.

ఈ మందును ప్రెప్ అంటారు. టెనోఫోవిర్ 300, ఎమ్‌ట్రిసిటాబిన్ 200 మిల్లీగ్రాములు కలిపిన ఒకే బిళ్ళ, రోజుకొకటి. సెక్స్ వర్క్ చేసేవాళ్ళు, సూదితో మత్తుమందు తీసుకునేవాళ్ళు, భర్తకు హెచ్‌ఐవీ ఉండి, ఆయన ఒంట్లో వైరస్ ఇంకా అదుపులోకి రాని ఆడవాళ్ళు దీని గురించి డాక్టరును అడగాలి. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వెళ్ళేవాళ్ళు ఎందరో. అలా దూరాన ఉండే భర్త పరీక్ష చేయించుకోకపోతే భార్యకూ ఈ సంగతి తెలిసి ఉండాలి.

మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. లోపల వైరస్ ఉన్నా తెలియక ప్రెప్ వాడితే, ఆ రెండు మందులు దాన్ని పూర్తిగా అణచలేవు. వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది. కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష, దాంతోపాటు హెపటైటిస్ బి పరీక్ష కూడా చేయించాలి. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు ఈ మందు హఠాత్తుగా మానేస్తే కాలేయానికి ముప్పు. ఆ తర్వాత మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష. మొదటి వారాల్లో కొందరికి వికారం, తలనొప్పి ఉంటాయి, వాటంతటవే తగ్గుతాయి. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. సిఫిలిస్, గనేరియా, గర్భం మాత్రం దీనితో ఆగవు. కాబట్టి కండోమ్ ఉండాల్సిందే.

ఆడవాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవలసింది ఇంకొకటి ఉంది. యోని కణజాలంలో ఈ మందు మెల్లగా చేరుతుంది, త్వరగా తగ్గిపోతుంది. రక్షణ రావడానికి కనీసం 7 రోజులు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొన్ని దేశాల్లో 21 రోజులు అంటారు. ఆ మూడు వారాలూ కండోమ్ లేకుండా వద్దని మా సలహా. ముందు రెండు, తర్వాత రోజుకొకటి చొప్పున రెండు బిళ్ళలు వేసుకుంటే చాలన్న పద్ధతి మగవాళ్ళ కోసం చెప్పింది. ఆడవాళ్ళకు అది పనికిరాదు. ఒక రోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. వారంలో రెండు మూడు రోజులు తప్పితే మాత్రం రక్షణ ఉందని నమ్ముకోకూడదు.

అరెస్టయి లాకప్‌లో పడ్డ ఆడమనిషికి మందు తప్పిపోయేది సరిగ్గా ఇలాగే. సోదాలో చేతిసంచి తీసుకుంటారు, బిళ్ళలు అందులోనే పోతాయి. బయటి మందులను జైలు డాక్టరు రాయకుండా లోపలికి సాధారణంగా రానివ్వరు. అడిగితే పరువు పోతుందని ఆమె నోరు విప్పదు. అలా వారం గడిచిపోతుంది.

ఆమె అడగడానికి రెండు చోట్లున్నాయి. అరెస్టయిన వెంటనే వైద్య పరీక్ష చేయించాలని చట్టం. ఆడవాళ్ళకైతే మహిళా డాక్టరు గానీ, ఆమె పర్యవేక్షణలో గానీ జరగాలి. అక్కడ బిళ్ళ పేరు, చివరిసారి వేసుకున్న రోజు చెప్పి కాగితం మీద రాయించాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడు అదే మాట మళ్ళీ చెప్పాలి. మందు చీటీ ఫొటో ఇంట్లో ఒకరి ఫోనులో ఉంటే పని సులువు. చీటీ శ్రీకాకుళం ఆసుపత్రిదైనా ఫర్వాలేదు, మందు అసలు పేరు ఒడిశా డాక్టరుకూ తెలిసిందే.

ఇది దయతో ఇచ్చేది కాదు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అందులోని 31వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ హెచ్‌ఐవీ నివారణ, కౌన్సెలింగ్, పరీక్ష, చికిత్స హక్కు. విచారణ ఖైదీలూ, ప్రభుత్వ హోముల్లో ఉంచిన ఆడవాళ్ళూ అందులోకే వస్తారు. ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. సంచిలో కండోమ్ దొరికితే కేసు పెడతారని భయపడి పారేసేవాళ్ళున్నారు. కండోమును నేరానికి సాక్ష్యంగా చూడరాదని 2022 మే 19న సుప్రీంకోర్టు ఉత్తర్వుల్లో స్పష్టంగా ఉంది. ఈ మాట తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పండి.

లాకప్‌లో గానీ బయట గానీ బలాత్కారం జరిగితే, కండోమ్ చిరిగితే, అప్పటికే ప్రెప్ వాడని ఆమెకు కావలసింది వేరే మందు, పెప్. వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలవ్వాలి. 28 రోజులు వాడాలి. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ ఒకే బిళ్ళలో ఉంటాయి. ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో అడగండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. బలాత్కార బాధితురాలికి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ ఉచితంగా చికిత్స చేయాలి. ఐరన్ బిళ్ళలు వాడే ఆడవాళ్ళు పరగడుపున పెప్ బిళ్ళను వాటితో కలిపి వేసుకోవద్దు. ఐరన్‌కు రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి, డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి. 28 రోజులు అయ్యాక పరీక్షలో హెచ్‌ఐవీ లేదని తేలి, ముప్పు ఇంకా ఉంటే, మధ్యలో ఖాళీ లేకుండా ప్రెప్‌లోకి మారవచ్చు.

బెయిలు కాగితం వచ్చిన రోజే ఎక్కువ జాగ్రత్త కావాలి. సాయంత్రం గేటు బయట నిలబడేసరికి చేతిలో మందు ఉండదు, ఒక్కోసారి బస్సు ఛార్జీ కూడా ఉండదు, పాత అప్పులవాళ్ళు ఎదురుచూస్తుంటారు. అందుకే విడుదలకు ముందే జైలు డాక్టరును కనీసం నెలకు సరిపడా బిళ్ళలు, చీటీ అడగాలి. ములాఖత్‌కు వెళ్ళే అమ్మో అక్కో ఈ సంగతి గుర్తుచేయాలి. ప్రెప్ అన్ని ప్రభుత్వ కేంద్రాల్లోనూ ఉచితంగా దొరకదు, కాబట్టి ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కోవాలి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేస్తే డబ్బులు పడవు. మందు ఇవ్వకుండా తిప్పుతుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. ఆదాయం ఎంతైనా ఆడవాళ్ళకు అక్కడ వకీలు ఉచితం.