పిలిస్తే పరిగెత్తుకొచ్చేలా

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు.

ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చినందుకు సంతోషంగా ఉంది. ఇందాక చేతులెత్తమన్నప్పుడు చూశాను, సగానికి పైగా ఇళ్ళలో ఏడాదిలోపు కుక్కపిల్ల ఉంది. ముందు వరుసలో కూర్చున్న అమ్మ ఒకరు "మా కుక్కగుంట ఒక్క చోట నిలబడదు బాబూ, పిలిస్తే దూరంగా పరిగెడతాది" అన్నారు. నేను ఈ రోజు మాట్లాడేదంతా ఆ ఒక్క మాటకు జవాబే.

నాకు పదమూడేళ్ళప్పుడు చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో మాకొక నల్ల కుక్క ఉండేది. పేరు భీముడు. అది గొలుసు తెంపుకుని పోయినప్పుడల్లా నేను కేకలేసి పిలిచేవాణ్ణి. దగ్గరికి రాగానే పారిపోయినందుకు బెత్తంతో కొట్టేవాణ్ణి. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు అంటుంటే, వంచడమంటే కొట్టడమే అనుకున్నాను. ఒక సాయంత్రం అది రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. అటు నుంచి బస్సు వస్తోంది. ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని పిలిచాను. నా వైపు చూసింది, తోక ముడుచుకుంది, బస్సు వైపే పరిగెత్తింది.

దానికి నేను నేర్పిన పాఠం అదే. భీముడూ అన్న పిలుపు వినబడితే దెబ్బ పడుతుంది. అది బాగా నేర్చుకుంది. తప్పు నేర్పినవాడిది.

1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే ఆయన ఆకలిగా ఉన్న పిల్లుల్ని చెక్క పెట్టెల్లో పెట్టి, బయట తిండి ఉంచాడు. లోపల తాడు లాగితేనో, మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. మొదట పిల్లి గోకుతుంది, కరుస్తుంది, అరుస్తుంది. ఎప్పుడో అనుకోకుండా మీట నొక్కుతుంది. మళ్ళీ మళ్ళీ పెడుతూ పోతే పనికిరాని పనులన్నీ మానేసి నేరుగా మీట దగ్గరికే వెళ్తుంది. మంచి ఫలితం ఇచ్చిన పని నిలబడుతుంది, ఇవ్వనిది రాలిపోతుంది. మన ఇంట్లో కుక్కపిల్ల కూడా పొద్దున్నుంచి రాత్రి దాకా ఇదే లెక్క చూసుకుంటోంది. ఎగిరి మీద పడితే అందరూ మాట్లాడుతున్నారు, కాబట్టి ఎగరాలి. బుద్ధిగా కూర్చుంటే ఎవరూ పట్టించుకోవడం లేదు, కాబట్టి కూర్చోవడం దండగ.

అందుకని మొదటి పని, బుద్ధిగా ఉన్న క్షణాన్ని కనిపెట్టి కూలి ఇవ్వడం. అది కూర్చుంది. మీరు జేబులో వెతికి ముక్క తీసేలోపు లేచేసింది. అప్పుడు పెడితే లేచినందుకు పెట్టినట్టు. అందుకే ఒక చిన్న మాట పెట్టుకోండి. మా ఇంట్లో "భేష్". పది పదిహేనుసార్లు ఏ పనీ అడగకుండా భేష్ అనడం, వెంటనే ముక్క పెట్టడం. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల సంగతి బళ్ళో చదివే ఉంటారు. ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఆ పనిలోనే, తిండికి ముందు వచ్చే గుర్తు తెలిస్తే చాలు కుక్కకు నోరూరుతుందని గమనించారు. భేష్ కూడా అలాంటి గుర్తే. పిరుదులు నేలకు తగిలిన క్షణంలో ఆ మాట పడాలి. ముక్క రెండు సెకన్లు ఆలస్యమైనా పర్వాలేదు.

ముక్క అంటే శనగగింజంత. ఉడకబెట్టిన కోడి లివర్, కోడిగుడ్డు, ఉప్పూ కారం లేనివి. అదీ రోజూ పెట్టే తిండిలోంచి తగ్గించి ఇవ్వాలి. మన దగ్గర దొరికే ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, వద్దు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకు విషం. మన విజయనగరం సిరిమానోత్సవానికి ఇంటికొచ్చిన చుట్టాలు ప్రేమతో లడ్డూ పెట్టబోతారు. అందులో కిస్‌మిస్ ఉంటుంది. చెయ్యి పట్టుకుని ఆపండి, మొహమాటపడకండి.

ఇక నాకు బాగా ఇష్టమైన సంగతి, ఆట. తిండి మీద అంత ఆశ లేని పిల్లలుంటాయి. "మా దానికి దేనిమీదా ఇంట్రెస్ట్ లేదండీ" అంటారు. చాలాసార్లు ఏం జరుగుతుందంటే, బొమ్మ తెచ్చి దాని మూతికి గుద్దుతుంటాం. పారిపోయే ఎలుక ఎక్కడైనా కుక్క నోట్లోకి వస్తుందా? బొమ్మ దాని నుంచి దూరంగా పోవాలి. నేల మీద ఉండుండి కదలాలి, ఆగాలి, స్తంభం వెనక దాక్కోవాలి. వెంటపడటం, పట్టుకోవడం, విదిలించడం, ఇవన్నీ వేట నుంచి దాని రక్తంలో వచ్చినవే. ఒక కుక్కకు తరమడం ఇష్టం, ఇంకో దానికి లాగడం ఇష్టం. మీ పిల్లకు ఏది ఇష్టమో నాలుగు రోజులు కూర్చుని చూడండి.

కొనక్కర్లేదు. పాత నూలు లుంగీని మూడు పాయలు చేసి జడలా గట్టిగా అల్లి, రెండు చివర్లా ముడెయ్యండి. దారాలు ఊడుతుంటే మాత్రం పారెయ్యాలి, మింగితే పేగుల్లో చుట్టుకుంటాయి. లాగుడాటలో దాన్ని తరచూ గెలవనివ్వండి. గెలిస్తే మన నెత్తికెక్కుతుందనే భయం వద్దు. గెలిచిన పిల్ల ఆ జడను మళ్ళీ మీ దగ్గరికే తెచ్చి ఇంకోసారి లాగమంటుంది. నాకు అంతకంటే ఆనందం ఇచ్చే దృశ్యం లేదు. నాలుగో నెల నుంచి ఆరేడు నెలల దాకా పాలపళ్ళు 28 ఊడి, 42 గట్టి పళ్ళు వస్తుంటాయి. ఆ రోజుల్లో మెల్లగా, పక్కలకే లాగాలి. పైకెత్తి ఊపకూడదు. "వదులు" నేర్పాలంటే నోరు పెకలించొద్దు. మీ చేతిలో జడను కదలకుండా చచ్చినదానిలా పట్టుకోండి. ఆట పోయిందని అది వదిలేస్తుంది. వదిలిన క్షణంలో భేష్, వెంటనే మళ్ళీ ఆట. వదిలితే ఆట పోదు, మళ్ళీ మొదలవుతుందని తెలిశాక వదలడమే దానికి ఇష్టమవుతుంది.

ఎంతసేపు అంటారా? మూడు నిమిషాలు. రోజుకు నాలుగైదుసార్లు. ఇంకా కావాలని అది గెంతుతుండగానే ఆపెయ్యండి. విసుగొచ్చి అది వెళ్ళిపోయేదాకా ఆడించారంటే రేపటి ఉత్సాహాన్ని కూడా ఈ రోజే ఖర్చు పెట్టేసినట్టు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మనది. సరళీస్వరాలు కుదరకుండా ఎవరూ వర్ణం ఎత్తుకోరని మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటి హాల్లో అయిదడుగుల దూరం నుంచి పిలిస్తే రాని పిల్ల, గంటస్తంభం దగ్గర రద్దీలో పిలిస్తే ఎలా వస్తుంది? హాలు, తర్వాత పెరడు, తర్వాత ఖాళీ వీధి, పొడవాటి తాడు కట్టి మైదానం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మార్చి మార్చి పిలవండి. వచ్చినప్పుడల్లా మెడపట్టీ మీద చెయ్యి వేసి, ముక్క పెట్టి, మళ్ళీ వదిలెయ్యండి. స్నానానికి, గొలుసు కట్టడానికి, తిట్టడానికి ఎప్పుడూ పిలవొద్దు. ఆ పనులున్నప్పుడు మీరే నడిచి వెళ్ళి తెచ్చుకోండి.

వ్యాయామం గురించి కొంచెం. బండి వెనక పరిగెత్తించేవాళ్ళని చూస్తుంటాను. దయచేసి మానండి. ఎదిగే పిల్లకు ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి. పెద్ద జాతులకు అవి గట్టిపడేసరికి ఏడాది దాటుతుంది. మేడమెట్లు పదేపదే ఎక్కించడం, ఎత్తు నుంచి దూకించడం కూడా వద్దు. దానికి బదులు పెద్ద చెరువు గట్టున దాని ఇష్టానికి వాసన చూసుకుంటూ నడవనివ్వండి. లేదా పూట తిండిలో పిడికెడు గడ్డిలో చల్లి వెతుక్కోమనండి. ముక్కుతో పనిచేసిన పిల్ల హాయిగా పడుకుంటుంది.

ఎండాకాలం తెల్లవారకముందే తిప్పాలి. అరిచేతి వెనక భాగాన్ని తారురోడ్డు మీద అయిదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దారి. నాలుక బాగా బయటపడి, ఆగకుండా రొప్పుతూ తూలుతుంటే నీడలోకి తెచ్చి, ఒళ్ళు తడిపి, గాలి తగిలేలా చేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

ఆటలో పన్ను గీరుకోవడం మామూలే. కానీ దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పిల్లకు మూడో నెలలో రేబిస్ టీకా, డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు పడాలి. గీరిన చోట సబ్బుతో, కారే నీళ్ళకింద పదిహేను నిమిషాలు కడగాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లలూ, అమ్మ తిడుతుందని దాచొద్దు.

ఇప్పుడు అందరూ ఒక్క నిమిషం కూర్చునే ఉండండి. ఆ గేటు దగ్గర మా అబ్బాయి పట్టుకుని నిలబడ్డది చిట్టి. ఎనిమిది నెలల వీధికుక్క పిల్ల, చెరువు గట్టున దొరికింది. ఇంతమందిని అది ఎప్పుడూ చూడలేదు. వచ్చే దారిలో ఎవరూ చెయ్యి చాపకండి, బిస్కెట్ చూపించకండి. నేను ఒక్కసారే పిలుస్తాను. బాబూ, తాడు వదులు.

చిట్టీ, దా!