శనివారం కూలి

మన విచారణ గురువులైన ఫాదర్ గారికి, సిస్టర్లకు, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి పనికొచ్చి ఈ చెన్నైలో మనతోపాటు తెలుగు పూజలో కూర్చుంటున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు వందనాలు. వేదిక మీద ఇంకా పెద్దలున్నారు. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైము అక్కడే సరి, క్షమించాలి.

పేదల దినం కదా, మన కతోలిక శ్రీసభ సామాజిక బోధన గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. 1891 మే 15న పదమూడవ లియో పోపు గారు కార్మికుల గురించి ‘రేరుమ్ నోవారుమ్’ అనే లేఖ రాశారు. ఇద్దరూ ఒప్పుకుంటే ఎంత కూలైనా న్యాయమే అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఆయన కాదన్నారు. గతిలేనివాడి చేత తలూపించుకోవడం అన్యాయమే, కూలి మనిషిని బతికించేలా ఉండాలి అన్నారు. కార్మికులు సంఘం పెట్టుకోవచ్చన్నారు. 2025లో ఎన్నికైన పోపు గారు లియో పేరు పెట్టుకోవడానికి ఆ లేఖ కూడా ఒక కారణం. తర్వాత 1931 లేఖ, 1967 లేఖ... వరసగా కాగితం మీద రాసుకొచ్చాను.

కాగితం పక్కన పెడతానండీ. నిన్నటి నుంచి నన్ను తినేస్తున్న సంగతి వేరే ఉంది.

పోరూరు అవతల ఒక సైటులో మనవాళ్లు సెంట్రింగ్ పని చేశారు. వారాల కూలి రావాలి. మేస్త్రీని అడిగితే కాంట్రాక్టరు ఇవ్వలేదంటాడు. కాంట్రాక్టరును అడిగితే బిల్లు పాస్ కాలేదంటాడు. ఆ జట్టులో ఒక బాలింత. పాలడబ్బా కోసం కాళ్ల పట్టీలు తాకట్టు పెట్టింది. ఆ కాంట్రాక్టరు పరాయివాడు కాదు, మన మనిషే! ఇవాళ బయట పంచిన దుప్పట్లు ఆయన చందాతో కొన్నవే. ఆ దుప్పట్లు ఎవరి డబ్బమ్మా? చెప్పండి, ఎవరి డబ్బు?

ఇది నా కోపం మాత్రమే అనుకోకండి. 1965లో బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ, గృహస్థుల, అంటే మామూలు విశ్వాసుల, సేవ గురించి రాసిన పత్రంలోనే ఉంది: ముందు న్యాయం తీర్చండి, బాకీ ఉన్నదాన్ని దానమని ఇవ్వకండి అని. లేవీయకాండం 19వ అధ్యాయం చూడండి, కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంది. మరి మనకి ఎన్ని తెల్లవారుజాములు కావాలి? వెనకాల ఎవరో “గుడిలో ఈ గొడవ ఎందుకు” అంటున్నారు. నాయనా, ఆకాశానికి మొరపెట్టే పాపాల్లో ఆబేలు రక్తంతో పాటు కూలివాడికి చేసిన అన్యాయాన్నీ కలిపింది మన సత్యోపదేశ గ్రంథమే. యాకోబు లేఖ 5:4 ఇంటికెళ్లి చదువుకో.

ఈ చెన్నైలోనే మౌలివాక్కం గుర్తుందా? 2014 జూన్ 28, శనివారం. పదకొండు అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది పోయారు. వాళ్లలో చాలామంది మన ఉత్తరాంధ్రవాళ్లు. పిట్టగోడ దగ్గర్నుంచి పునాది దాకా ఈ ఊరికి వాళ్ల చెమట కావాలి. వాళ్ల పేర్లు మాత్రం ఏ రిజిస్టరులోనూ అక్కర్లేదు.

భోజనాలు సిద్ధమట. తమిళం చదవను, రాయను వచ్చిన పిల్లలు తినేసి వెళ్లిపోకండి. భవన కార్మికుల సంక్షేమ బోర్డు కార్డులకు దరఖాస్తులు నింపాలి. ఆధార్, బ్యాంకు పుస్తకం తెచ్చినవాళ్లు వరండాలో కూర్చోండి. ఇక ఆ కాంట్రాక్టరు ఇంటికి రేపు సాయంత్రం వెళుతున్నాం. ఫాదర్ గారూ, మీరూ మాతో రావాలి. వస్తామని ఇప్పుడే, ఇందరి ముందూ మాటివ్వండి.