కిక్ లేని క్లాసిక్ 350: సుంకి ఘాట్ ఎక్కించి చూశాక

నమస్కారం అండీ అందరికీ. సెమిలిగుడ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక దేవమాలి కొండ ఉంది. 1,672 మీటర్లు, ఒడిశా మొత్తానికి అదే ఎత్తైన కొండ. పొద్దున్నే మంచు పట్టేసి ఏమీ కనబడటం లేదు కాబట్టి, ఉందని నా మాట మీద నమ్మేయండి.

ముందే చెప్పేస్తాను, ఈ బండి నాది కాదు. మా జిల్లాలో ఒక డీలర్ ట్యాంకు నింపి మరీ ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు గానీ, తాళం చేతిలో పెడుతూ "కాస్త చూసి మాట్లాడండి బాబూ" అన్నారు. చూసే మాట్లాడుతున్నాను.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2021లో వచ్చిన కొత్త ఇంజిన్‌ది. 349 సీసీ, 20.2 బీహెచ్‌పీ, 195 కేజీల బరువు. ఇవన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసేసే ఉంటారు. రంగులు, మీటరు, యూఎస్‌బీ ఎక్కడుంది, వీటి జోలికి నేను పోను.

సాలూరు నుంచి పైకి ఎక్కించాను. కింద ఉక్కపోత, సుంకి దాటేసరికి జర్కిన్ జిప్పు మెడదాకా లాక్కోవాలి. ఘాట్‌లో ముందు లోడు లారీ, దాని ముందు ఇంకో లోడు లారీ. ఇలాంటిచోట చిన్న బండ్లయితే గేరు మీద కాలు ఆడుతూనే ఉండాలి. దీన్ని థర్డ్‌లో వేసి వదిలేశాను, దాని మానాన అది ఎక్కేసింది. 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం, 4,000 ఆర్‌పీఎమ్ దగ్గరే వచ్చేస్తుంది కాబట్టి ఇంజిన్‌ని అరిపించక్కర్లేదు. లోపల వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ కూడా పెట్టారు. దాంతో అద్దంలో వెనకొచ్చే బండి నెంబరు చదవగలిగాను. పాత బుల్లెట్ నడిపినవాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు, ఇంక వివరించక్కర్లేదు.

అంతా బాగుంది. పొట్టంగిలో టీకి ఆపాను. టీ కొట్టు కుర్రాడు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, కుడివైపు వంగి చూశాడు, తల ఎత్తి "భాయినా, కిక్ కాహిఁ?" అన్నాడు. అన్నా, కిక్ ఏది అని. లేదురా, సెల్ఫ్ బటన్ ఒక్కటే అన్నాను. వాడు నా వైపు జాలిగా చూశాడు.

మిగతా వీడియో అంతా ఇక ఆ కిక్ గురించే. వద్దనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, ఏమీ అనుకోను.

మా నాన్నగారు సునాబెడ హెచ్‌ఏఎల్‌లో చేసేవారు. మిగ్ విమానాల ఇంజిన్లు తయారుచేసే ఫ్యాక్టరీ అది, 1964లో పెట్టారు. మా కాలనీలో తెలుగువాళ్లు బోలెడుమంది. పగలంతా జెట్ ఇంజిన్ల మీద పనిచేసే పెద్దమనుషులందరూ డిసెంబర్ పొద్దున్న స్వెట్టర్లు, మంకీ క్యాపులు వేసుకుని, ఇంటి ముందు కిక్కులు కొడుతూ ఉండేవారు. ఎవరి బండి స్టార్టయిందో లోపల మంచం మీద పడుకునే చెప్పగలిగేవాళ్లం.

మాది యెజ్డీ రోడ్‌కింగ్, నెంబరు ఓఆర్ 10, అంటే పాత కోరాపుట్ రిజిస్ట్రేషన్. రెండు సైలెన్సర్లు, 250 సీసీ, మైసూరులో ఐడియల్ జావా వాళ్లు చేసింది. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు, దానికి కిక్కూ గేరూ రెండూ ఒకటే రాడ్డు. ఎడమవైపు ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. స్టార్టయ్యాక మళ్లీ ముందుకి వాల్చితే గేరు. కొత్తవాళ్లు బండి పక్కన నిలబడి కిక్ కోసం కుడివైపు వెతుక్కుంటుంటే మాకదో వినోదం. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. మా బండి మాత్రం ఇంకా షెడ్డులోనే ఉంది.

సాలూరులో మా మావయ్యది పాత బుల్లెట్, క్యాస్ట్ ఐరన్ ఇంజిన్. సాలూరంటే లారీల ఊరు కదా, ఆయనకీ లారీలుండేవి. కానీ లారీ తాళం ఇచ్చేవాడు గానీ బుల్లెట్ తాళం ఇచ్చేవాడు కాదు. ఆయన స్టార్ట్ చేసే పద్ధతి చూడాలి. తాళం తిప్పాక హెడ్‌లైట్ మీదున్న ఆంపియర్ మీటరు వైపు చూస్తూ కిక్‌ని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తొక్కుతాడు. ముల్లు ఎడమకి పోతుంది, మళ్లీ మధ్యకి వస్తుంది. మధ్యకి వచ్చిందంటే పిస్టన్ పైకొచ్చి, లోపలి గాలి గట్టిగా నొక్కుకునే కంప్రెషన్ దగ్గర ఉందని లెక్క. అక్కడ ఆగి, ఎడమచేతి దగ్గరున్న, ఆ ఒత్తిడిని వదిలేసే డీకంప్రెసర్ లివర్ పట్టుకుని, కిక్‌ని ఇంకొక్క పిసరు కిందికి దింపి, లివర్ వదిలేసి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్క తొక్కు. ఆ వరస తప్పి సగం సగం తొక్కితే కిక్ ఎదురు తిరిగి పిక్క మీద తంతుంది. అది ఆ ఇంజిన్ల స్వభావం. బుల్లెట్ ఉన్నవాళ్ల ఇళ్లలో జెండూబామ్ ఖర్చు ఎక్కువని మా అత్తయ్య అనేది.

కాలేజీకొచ్చాక నా చేతికి యమహా ఆర్‌ఎక్స్ 100 దొరికింది. సెకండ్ హ్యాండ్‌దే. 98 సీసీ టూ స్ట్రోక్, 1985 నుంచి 1996 దాకా వచ్చింది. దాని కిక్‌కి కాలు కూడా దండగ, చేత్తో నొక్కినా అందుకునేది. ఆ పొగ, ఆ చప్పుడు గురించి మొదలెడితే సాయంత్రమైపోతుంది, వదిలేద్దాం. మా పక్కింటాయన చేతక్ అయితే పొద్దున్నే ఎడమవైపు వంచితే తప్ప లేచేది కాదు. ఆయన దాన్ని వంచుతుంటే ఆవిడ గుమ్మంలోంచి "జాగ్రత్తండీ, నడుం!" అని అరిచేది.

ఆ రోజుల్లో మన చెప్పులు చూడండి. కుడి చెప్పు అడుగున, సరిగ్గా మధ్యలో ఒక గాడి పడేది, కిక్ రబ్బరు వెడల్పున. చెప్పులు కుట్టే అతను చూడగానే "బండి ఉందా బాబూ?" అనేవాడు.

ఇదంతా పాత రోజుల మురిపెం, సెల్ఫ్ నొక్కితే పోయేదానికి ఇంత రామాయణం ఎందుకు అంటారేమో. అసలు పాయింటు వేరే ఉంది. సెమిలిగుడలో మా మేస్త్రి దగ్గరికి బండి తీసుకెళ్తే, ఆయన స్పానర్ ముట్టుకునేముందు కిక్ రాడ్డు చేత్తో పట్టుకుని కిందికి తిప్పేవాడు. నాడి చూసినట్టు కళ్లు మూసుకుని మరీ. మెత్తగా దిగిపోయిందా, రింగులు పోయాయి, కంప్రెషన్ లేదు. అసలు కదలకుండా బిగుసుకుందా, పిస్టన్ పట్టేసింది. రాడ్డు తిరుగుతోంది గానీ లోపల ఇంజిన్ తిరగడం లేదా, కిక్ గేరు పళ్లు పోయాయి. కొన్ని బండ్లలో అయితే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. ఇవన్నీ ఒక్క తిప్పుతో, ఉచితంగా. మనకి కూడా రోజూ తొక్కీ తొక్కీ కాలికి తెలిసిపోయేది. ఇవాళ ఎందుకో తేలిగ్గా దిగుతోంది, ఓసారి చూపించాలి అని. సెల్ఫ్ బటన్ దగ్గర బొటనవేలికి ఏం తెలుస్తుంది? స్టార్టయిందా లేదా, అంతే. మిగతాది చూడాలంటే స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలి. ఈ కొండల్లో అదెంత దూరమో ఇక్కడివాళ్లకి తెలుసు.

ఇంక బ్యాటరీ. ఇంతకుముందు నా దగ్గర ఒక బండి ఉండేది, పేరు చెప్పను, అదీ సెల్ఫ్ మాత్రమే. కుందులి సంత నుంచి వస్తుంటే వాన కోసం ఆగాను. వాన తగ్గాక బటన్ నొక్కితే టిక్ టిక్‌మంది, అంతే సంగతి. మన అదృష్టం, కోరాపుట్ జిల్లాలో ఎటు చూసినా వాలే. సెకండ్ గేర్ వేసి, క్లచ్ పట్టుకుని, వాలులో వదిలేసి, వేగం అందుకున్నాక క్లచ్ వదిలితే లేచింది. ఆ వాలే ఎదురుగా ఉండుంటే? ఈ క్లాసిక్ 195 కేజీలు ఎదురెక్కిస్తూ తోయడం ఒకసారి ఊహించుకోండి.

కంపెనీ తరఫున కూడా మాట్లాడాలి, లేకపోతే కామెంట్లలో నన్ను ఉతికేస్తారు. ఇప్పుడు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లే. పెట్రోలు పంపుకీ, లోపలున్న కంప్యూటర్‌కీ కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్ ఉన్నా లాభం ఉండకపోవచ్చు. నిజమే. కానీ మనకి ఎక్కువగా జరిగేది పూర్తిగా చావడం కాదు, నీరసపడటం. చలికి, వాడకుండా వదిలేసినందుకు బ్యాటరీ దిగిపోతుంది. సెల్ఫ్ మోటారు తిప్పడానికి బలం చాలదు గానీ పంపుకి సరిపోయేంత మిగిలి ఉంటుంది. కిక్ ఆదుకునేది సరిగ్గా అక్కడే. ఇంజెక్షన్ వస్తే కిక్ కుదరదంటారా, స్ప్లెండర్‌కి ఇంజెక్షన్ కూడా ఉంది, పక్కనే కిక్కూ ఉంది. ఊళ్లో పాలబ్బాయి నడిపే బండికి ఇవ్వగలిగింది, ఇంత పెట్టి కొనే బండికి ఎందుకు ఇవ్వరు? బరువు తగ్గుతుందనో, ఖర్చు తగ్గుతుందనో అయ్యుంటుంది. ఆ తగ్గిందేదో నా జేబులోకి రాలేదు కదా.

సరే, తీర్పు. బండి నడవడం అద్భుతం. మా నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకుని కోరాపుట్ జగన్నాథుడి గుడిదాకా వెళ్లొచ్చాను. ఆయన దిగి, నడుం మీద చెయ్యి వేసుకోకుండా లోపలికి నడిచారు. సీటుకి ఇంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు. విశాఖపట్నంలోనో విజయనగరంలోనో ఉండి, రోజూ బండి తీసేవాళ్లయితే కళ్లు మూసుకుని కొనుక్కోండి. ఇక్కడ కొండల మీద ఉండి, వారానికోసారి తీసేవాళ్లయితే చలికాలంలో బ్యాటరీని నెమ్మదిగా నింపుతూ ఉండే ట్రికిల్ ఛార్జర్ ఒకటి తగిలించి ఉంచండి, లేదా ఇల్లు వాలు మీద కట్టుకోండి.

నేనైతే కొనను. కోపంతో చెప్తున్నానని అనుకోండి, ఫర్వాలేదు. కిక్ పెట్టి ఇస్తే రేపే షోరూమ్ ముందు నిలబడతాను. డీలర్ గారూ, వీడియో చూస్తుంటే బండి సాయంత్రం పంపిస్తాను, ట్యాంకులో సగం పైనే ఉంది.

ఇంకో మాట. షెడ్డులో రోడ్‌కింగ్‌ని లేపుదామని చూస్తున్నాం. కిక్ షాఫ్ట్ అరిగిపోయింది, మా మేస్త్రి వెల్డింగ్ వద్దంటున్నాడు. జయపురం, రాయగడ, పార్వతీపురం వైపు ఎవరి దగ్గరైనా పాత స్టాకు ఒరిజినల్ ఉంటే కింద కామెంట్ పెట్టండి. రేటు మాట్లాడుకుందాం.