మత్తు మానే ఇంట్లో ఖుల్లిక్ దీపం: ఒట్టావా ఇన్యుయిట్ కుటుంబాలకు సాయం ఎలా ఉండాలి

[తెర: పునరావాస కేంద్రం రిసెప్షన్. బల్ల మీద ఎండిన సేజ్ ఆకుల కట్ట, డేగ ఈక, నాలుగు రంగుల మెడిసిన్ వీల్.]

వాయిస్: కెనడా ఉత్తర కొసన, ఇన్యుయిట్ అనే ఆదివాసులు ఎక్కువగా ఉండే నునావుట్ నుంచి ఒక తల్లి మత్తు మానడానికి ఈ కేంద్రానికి వచ్చిందనుకోండి. ఆమె కోసమే సిబ్బంది ఎంతో శ్రద్ధగా ఈ బల్ల సర్దారు. చిక్కేమిటంటే, ఇందులో ఆమెది ఒక్కటీ లేదు. సేజ్ పొగ, స్వెట్ లాడ్జ్ అనే ఆవిరి గుడిసె, మెడిసిన్ వీల్ దక్షిణాన ఉండే వేరే ఆదివాసులు, అంటే ఫస్ట్ నేషన్స్ వారి ఆచారాలు. ఇన్యుయిట్ నేల చాలావరకు చెట్లు పెరిగే హద్దుకు ఉత్తరాన ఉంటుంది. ‘ఆదివాసులేగా’ అని అందరికీ ఒకే బల్ల వేయడమంటే, ‘దక్షిణాది వాళ్లేగా’ అని సంక్రాంతి నాడు మన వాకిట్లో ఓనం పూకళం పరచి శుభాకాంక్షలు చెప్పినట్టే. మర్యాదకు నవ్వి ఊరుకుంటాం, మనసు విప్పం.

ఇంకోటి. ఒక్కరైతే ఇనుక్, ఎక్కువమందైతే ఇన్యుయిట్. ‘ఎస్కిమో’ అనే పాత మాట వాడకండి.

[తెర: కెనడా పటం. ఇకాలుయిట్ నుంచి ఒట్టావాకు విమాన మార్గం.]

వాయిస్: 2021 జనాభా లెక్కల్లో కెనడాలో ఇన్యుయిట్ సుమారు 70,500 మంది. వాళ్లలో పదిమందిలో ముగ్గురు సొంత నేల, అంటే ఇన్యుయిట్ నునంగాట్ బయటే ఉంటున్నారు. అలా బయట ఉన్నవాళ్లు ఎక్కువగా కనిపించే నగరం ఒట్టావా, అందులోనూ వానియర్ పేట. నునావుట్‌లో 25 ఊళ్లున్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. బాఫిన్ ప్రాంతంలో పెద్ద జబ్బు చేస్తే విమానం ఎక్కి ఒట్టావాకే రావాలి. ఇళ్ల కొరత, చదువు, ఉద్యోగం, ఇంట్లో హింస కూడా జనాన్ని ఇటు తెస్తాయి. కెనడాలో నర్సింగ్, సోషల్ వర్క్ చదివే తెలుగు పిల్లలకు ఈ కుటుంబాలు పనిలో ఎదురుపడవచ్చు. ఈ వీడియో ముఖ్యంగా వాళ్ల కోసం.

[తెర: ఓడ నలుపు తెలుపు చిత్రం.]

వాయిస్: ‘కొన్ని వారాలు ఇంటికి దూరంగా ఉండి వైద్యం తీసుకోండి’ అనే మాట మనకు మామూలుగానే వినిపిస్తుంది. ఇన్యుయిట్ చెవికి అలా వినిపించదు. 1950ల్లో సి.డి. హౌ అనే ఓడ ఊరూరా తిరిగి క్షయ పరీక్షలు చేసేది. జబ్బు ఉందని తేలితే చాలామందిని ఒడ్డుకు దిగనివ్వకుండా అటే దక్షిణాది ఆసుపత్రులకు తీసుకుపోయేవారు. 1956 నాటికి ప్రతి ఏడుగురు ఇన్యుయిట్‌లో ఒకరు అలాంటి ఆసుపత్రుల్లో ఉన్నారు. తిరిగి రాని వాళ్లెందరో. వాళ్లను ఎక్కడ పాతిపెట్టారో చాలా కుటుంబాలకు చెప్పలేదు. దీనికి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2019 మార్చిలో. అందుకే మీ ముందు కూర్చున్న మనిషికి అమ్మమ్మ కథ గుర్తొస్తుంటే, మీరేమో ‘రోగి సహకరించడం లేదు’ అని ఫైల్లో రాసుకుంటుంటారు.

[తెర: గడియారం. అంకెలు: 6, 48, 96.]

వాయిస్: సంస్కృతి గురించి మాట్లాడే ముందు వైద్యం. ఇన్యుయిట్ సంప్రదాయ దీపం ఖుల్లిక్ వెలిగించినంత మాత్రాన మూర్ఛ ఆగదు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 48 గంటల్లోపు మూర్ఛ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్, అంటే తీవ్రమైన వణుకు, మతిభ్రమణం మొదలుకావచ్చు, అది ప్రాణం తీయగలదు. కాబట్టి మొదటి నాలుగైదు రోజులు డాక్టరు, నర్సు కనిపెట్టుకుని ఉండే చోటే గడవాలి. థయామిన్, అంటే విటమిన్ బి1 ఇవ్వాలి.

చాలా కేంద్రాలు ఇక్కడ ఒక ప్రశ్న మరచిపోతాయి: క్షయ మందులు వాడుతున్నారా? ఇన్యుయిట్‌లో క్షయ ఇప్పటికీ ఎక్కువే. క్షయ మందు ఐసోనియాజిడ్ వాడుతూ తాగితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఇంకో క్షయ మందు రిఫాంపిన్ మొదలుపెడితే, ఓపియాయిడ్ మత్తు మానడానికి ఇచ్చే మెథడోన్ మోతాదు ఒంట్లో పడిపోతుంది. నిన్నటిదాకా కుదురుగా ఉన్న మనిషికి చెమటలు, వణుకు, నిద్రలేమి. ‘మళ్లీ ఏదో వాడుతోంది’ అని సిబ్బంది అనుమానిస్తారు. తప్పు మందుల జోడీది, నింద పడేది మనిషి మీద.

[తెర: ఇద్దరు పక్కపక్కన కూర్చుని టీ తాగుతున్నారు. ముందు కాగితాలు లేవు.]

వాయిస్: మొదటి మాటలు. ఎంత తాగుతారని మొదలుపెట్టకండి. ఏ ఊరు, ఎవరి పేరు పెట్టారు అని అడగండి. రెండో ప్రశ్న చాలా లోతైనది. చనిపోయిన పెద్దల పేరు పుట్టిన బిడ్డకు పెడతారు, ఆ బంధుత్వం కూడా పేరుతో పాటే వస్తుంది. తన తల్లి పేరు పెట్టుకున్న కూతుర్ని ఒక తల్లి ‘అనానా’ అని పిలవవచ్చు, అంటే అమ్మా అని. నాన్నమ్మ పేరు పెట్టిన పిల్లను తిట్టడానికి నోరు రాని ఇళ్లు మనకూ తెలుసు కదా. ఈ సంగతి తెలియని సోషల్ వర్కరు ‘బిడ్డ మీద తల్లి బరువు మోపుతోంది’ అని నివేదిక రాస్తే పని ఎక్కడికి పోతుందో ఊహించండి.

కనుబొమలు పైకెత్తితే అవును. ముక్కు ముడిస్తే కాదు. నోటి మాట కోసం ఎదురుచూస్తే జవాబు మీ కళ్లముందే దాటిపోతుంది. మౌనం వచ్చినప్పుడు వెంటనే ఇంకో ప్రశ్నతో పూడ్చకండి.

దుబాసీ విషయంలో రెండు జాగ్రత్తలు. ఉత్తర క్యుబెక్‌లోని నునావిక్ మనిషికి పశ్చిమ ఆర్కిటిక్‌లోని ఇనువియాలుయిట్ ప్రాంతపు మాట సరిగా అందకపోవచ్చు, కాబట్టి ఊరు తెలుసుకున్నాకే దుబాసీని పిలవండి. రెండోది, నగరంలో ఇన్యుయిట్ కొద్దిమందే. వచ్చే దుబాసీ ఆమె భర్తకు చుట్టమైనా కావచ్చు. ముందే పేరు చెప్పి, సరేనా అని అడగండి. కాదంటే వేరే ఊరి నుంచి ఫోన్‌లో మాట్లాడించండి.

[తెర: తోలుతాడు కట్టిన గుండ్రటి బిళ్ల, దాని మీద అంకెలు. పక్కన మూడు గుర్తింపు కార్డులు, మూడింట్లోనూ ఒకే ఇంటిపేరు మూడు రకాల స్పెల్లింగ్‌లో.]

వాయిస్: కాగితాలు విసుగు పుట్టించే విషయమే, కానీ కుటుంబాలు సగం ఇక్కడే జారిపోతాయి. 1940ల నుంచి ప్రభుత్వం ఇన్యుయిట్‌కు పేర్ల బదులు బిళ్ల నంబర్లు ఇచ్చింది. 1960ల చివర ప్రాజెక్ట్ సర్‌నేమ్ పేరుతో ఇంటిపేర్లు రాయించింది. రాసినవాళ్లు తమకు వినిపించినట్టు రాశారు. దాంతో జనన పత్రంలో ఒక స్పెల్లింగ్, హెల్త్ కార్డులో ఇంకొకటి. మందులకు, కౌన్సెలింగ్‌కు, ప్రయాణానికి డబ్బిచ్చే సమాఖ్య పథకం ఎన్.ఐ.హెచ్.బి. అది పనిచేయాలంటే మూడు ఇన్యుయిట్ భూ ఒప్పంద సంస్థల్లో ఒకటి ఆ మనిషిని ఇనుక్‌గా గుర్తించి ఉండాలి: నునావుట్ టుంగావిక్, మకివ్విక్, ఇనువియాలుయిట్ రీజినల్ కార్పొరేషన్. నునాట్సియావుట్ వాళ్లకు తమ ప్రభుత్వం ద్వారా వేరే ఏర్పాటు ఉంది. చేరిన వారంలోనే అన్ని కార్డులూ పక్కపక్కన పెట్టి స్పెల్లింగ్ చూడండి. తేడా ఉంటే దరఖాస్తుతో పాటే వివరణ లేఖ పంపండి. పిల్లలకు చదువు, వైద్యం, ఇతర సాయం కోసం ఇన్యుయిట్ చైల్డ్ ఫస్ట్ ఇనిషియేటివ్ వేరే ఉంది. ‘జోర్డాన్స్ ప్రిన్సిపుల్’ అనే పథకం ఫస్ట్ నేషన్స్ పిల్లలది, ఇక్కడ ఆ ఫారం నింపకండి.

[తెర: నేల మీద పరచిన అట్టపెట్టె ముక్క. గడ్డకట్టిన ఆర్కిటిక్ చార్ చేప. అర్ధచంద్రాకారపు ఉలు కత్తి.]

వాయిస్: ఇక తిండి. మా లెక్కలో కౌన్సెలర్ కంటే ముందు పనిచేసేది ఇదే. కారిబూ అనే జింక, సీల్, చార్ చేప, తిమింగలం చర్మం, వీటిని కంట్రీ ఫుడ్ అంటారు. నేల మీద శుభ్రమైన అట్ట పరిచి, చుట్టూ కూర్చుని, గడ్డకట్టిన మాంసాన్ని ఉలుతో పలచగా కోసుకుంటూ తింటారు. కుర్చీలు, ప్లేట్లు తెచ్చి మీరు సాయం చేయనక్కర్లేదు. పన్నెండుమందికి నాలుగైదు కిలోల చేప చాలు. తినే ముందు అరగంట, ముప్పావుగంట బయట పెట్టండి: కత్తి దిగాలి, ముక్క మాత్రం గట్టిగానే ఉండాలి. పూర్తిగా కరిగితే రుచీ పోతుంది, భద్రతా పోతుంది.

పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు ఉంచితే పురుగులు చస్తాయి. ఈ ఉపాయం వాల్రస్ అనే పెద్ద కోరల సముద్ర జంతువు దగ్గర పారదు. ఉత్తర ధ్రువపు ట్రైకినెల్లా పురుగు గడ్డకట్టినా బతికే ఉంటుంది. నునావిక్‌లో వేటాడిన వాల్రస్ నాలుకను అక్కడి కూజువాక్ ఊరి ల్యాబ్‌లో పరీక్షించాకే జనం మాంసం పచ్చిగా తింటారు. పరీక్ష కాగితం లేని వాల్రస్‌ను పచ్చిగా వడ్డించకండి. పులియబెట్టిన వాల్రస్ మాంసం ఇగునాక్‌ను నగరంలో తయారుచేయనివ్వకండి. అక్కడ చల్లటి నేలలో, గాలి ఆడేలా పులుస్తుంది. ఇక్కడ వెచ్చటి గదిలో, మూతపెట్టిన ప్లాస్టిక్ బకెట్‌లో అదే పని చేస్తే బొట్యులిజం అనే ప్రాణాంతక విషబాధ రావచ్చు. ఇక తనిఖీ లేని వేట మాంసం వడ్డించడానికి నగర ప్రజారోగ్య విభాగంతో ముందే మాట్లాడి, ఒప్పుదల రాతలో తీసుకోండి. విందు రోజున ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇన్యుయిట్ పెద్దావిడ ఎదుటే మాంసం చెత్తలో వేయించడం కంటే పెద్ద అవమానం ఉండదు.

[తెర: బలపపు రాతి దీపం. అంచు పొడవునా చిన్న మంటల వరుస.]

వాయిస్: ఇదే ఖుల్లిక్. వెలిగించేది సాధారణంగా పెద్దావిడే. ఆర్కిటిక్ కాటన్ పూల దూదిని నాచుతో కలిపి వత్తిగా నలిపి, తిన్నని అంచు వెంట పేర్చి, సీల్ నూనెలో తడుపుతుంది. నగరంలో సీల్ కొవ్వు దొరకనప్పుడు కనోలా నూనె వాడతారు, ఎవరూ తప్పుపట్టరు. వెలిగాక తఖ్ఖుట్ అనే పుల్లతో వత్తిని సర్దుతూనే ఉండాలి. వత్తి పైకి లేస్తే మసి, పొగ. పొగ లేస్తే అలారం మోగుతుంది, ఆసుపత్రి వింగ్ మొత్తం ఖాళీ చేయాల్సి వస్తుంది. కాబట్టి భవనం యజమాని దగ్గర, ఫైర్ సేఫ్టీ అధికారి దగ్గర రాతపూర్వక అనుమతి, దీపం కింద ఇసుక పళ్లెం, ఆక్సిజన్ సిలిండర్లు లేని గది. ఆర్పడానికి నీళ్లు పోయకండి, నూనె చిమ్ముతుంది. వత్తిని నూనెలోకి తోస్తే అదే ఆరుతుంది. టైంటేబుల్‌లో ‘శుక్రవారం 4 గంటలకు సాంస్కృతిక కార్యక్రమం’ అని పడేస్తే లాభం లేదు. రోజు దీంతోనే మొదలవ్వాలి, సంప్రదింపులన్నీ దీని తర్వాత.

[తెర: సీల్ తోలు కుడుతున్న చేతులు.]

వాయిస్: గ్రూప్ థెరపీలో కుర్చీలు గుండ్రంగా వేసి ఒకరి ముఖాల్లోకి ఒకరిని చూడమంటే మాట రాదు. చేతికి పనివ్వండి, మాట దానంతటదే వస్తుంది. సీల్ తోలును వెనకవైపు నుంచి బ్లేడుతోనో ఉలుతోనో కోయాలి. కత్తెర పెడితే బొచ్చు తెగి కుట్టు దగ్గర బోడిగా కనిపిస్తుంది. సూది మూడు పలకలది, తోలుసూది. కొత్తవాళ్లు తప్పు కుడితే పెద్దావిడ నోటితో దిద్దదు. పక్కన కూర్చుని తన ముక్క నెమ్మదిగా కుడుతుంది. చూసి, చేసి నేర్చుకోవడాన్ని పిలిమ్మక్సర్నిక్ అంటారు. పెద్దావిడకు గౌరవ వేతనం అదే రోజు చేతికివ్వండి. నెల తర్వాత ఇన్వాయిస్ మీద చెల్లిస్తామంటే ఆమె మళ్లీ రాదు.

[తెర: ఒక గదిలో తల్లి, ఇద్దరు పిల్లలు, మేనమామ.]

వాయిస్: వచ్చిన తల్లి మొదటి భయం పిల్లల్ని లాక్కుపోతారని. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సమాఖ్య చట్టం ఇక్కడ పనికొస్తుంది. పేదరికమో, ఇల్లు సరిగా లేకపోవడమో మాత్రమే కారణంగా బిడ్డను తీసుకెళ్లకూడదు. తీసుకెళ్లాల్సి వస్తే ముందు తల్లిదండ్రుల్లో ఒకరు, తర్వాత కుటుంబంలో ఇంకో పెద్ద, ఆ తర్వాత అదే సమాజం వాళ్లు. పెద్ద నిర్ణయానికి ముందు ఇన్యుయిట్ పాలక సంస్థకు కబురు పెట్టాలి. ఈ వరస తెలిసిన సిబ్బంది మొదటి వారమే కుటుంబంలో ఎవరెవరున్నారో రాసి పెట్టుకుంటారు. ‘చట్టప్రకారం తల్లి ఎవరు’ అనేదొక్కటే కాక ‘పెంచింది ఎవరు’ అనీ అడుగుతారు, ఎందుకంటే ఆచారం ప్రకారం దత్తత ఇన్యుయిట్‌లో మామూలే. పెంపకం కొలిచే పరీక్షలతోనూ జాగ్రత్త. డెన్మార్క్‌లో గ్రీన్‌లాండ్ ఇన్యుయిట్ తల్లిదండ్రులకు పెట్టిన అలాంటి మానసిక పరీక్షలను 2025 మేలో చట్టం చేసి ఆపించారు.

పిల్లల్ని వదిలి రమ్మంటే చాలామంది తల్లులు అసలు రారు. కూజువాక్‌లోని ఇసువార్సివిక్ అనే మత్తు మాన్పించే కేంద్రం 2023లో కుటుంబాలను కూడా చేర్చుకునేలా కొత్త భవనంలోకి మారింది. ఒట్టావాలో తుంగసువ్వింగాట్ ఇన్యుయిట్ అనే సేవా సంస్థ 1987 నుంచి ఉంది, మమిసార్విక్ చికిత్స కేంద్రం దాని ఆధ్వర్యంలోనే మొదలైంది. మమిసార్విక్ అంటే గాయం మానే చోటు. పిల్లల కోసం ఇనూకతిగిట్ కేంద్రం ఉంది. మీ కేంద్రం కొత్తదైతే అన్నీ మీరే పెట్టనక్కర్లేదు, వీళ్లతో ఒప్పందం కుదుర్చుకోండి.

[తెర: విమానాశ్రయం. ఒక సంచి.]

వాయిస్: ఇంటికి తిరిగి వెళ్లే రోజు పనులు దానికి రెండు వారాల ముందే మొదలవ్వాలి. ఆ ఊళ్లో మద్యం పూర్తిగా నిషిద్ధమా, పరిమితమా, దుకాణమే ఉందా అని కనుక్కోండి, ఊరూరికీ తేడా ఉంటుంది. చిన్న ఊళ్లో ఉండేది నర్సులు నడిపే ఆరోగ్య కేంద్రమే. మెథడోన్, అదే పనిచేసే బుప్రెనార్ఫిన్ అక్కడ ఇస్తారో లేదో ఫోన్ చేసి, మాట్లాడిన నర్సు పేరు రాసుకున్నాకే టికెట్ కొనండి. మంచు తుఫానుకు విమానం రెండు మూడు రోజులు ఆగడం మామూలే, కాబట్టి దారిలో మందు అయిపోకుండా డాక్టరుతో అదనపు రోజులకు రాయించండి. విమానం దిగగానే ఎదురొచ్చేది ఎవరు, ఆ రాత్రి పడుక్కునేది ఏ ఇంట్లో, ఆ ఇంట్లో తాగేవాళ్లున్నారా అని తేల్చుకోండి. సంచిలో మందులు, ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు ప్రాణం కాపాడే నాలోక్సోన్ కిట్, సగం కుట్టిన చేతి పని, దారం, సూది. ఆదివాసుల సహాయ ఫోన్ సేవ హోప్ ఫర్ వెల్‌నెస్ లైన్ నంబరు 1-855-242-3310 కాగితం మీద రాసి ఇవ్వండి. ఇన్యుయిట్ భాష ఇనుక్టిటుట్‌లో మాట్లాడేవాళ్లు కావాలని అడగవచ్చని కూడా చెప్పండి. ఆ నంబరుకు ఒకసారి మీ ముందే ఫోన్ చేయించి చూడండి.