బాలింతకు నీళ్లు ఇవ్వండి

(చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో, అంగన్వాడీలో సీమంతాలు చేసిన రోజు మాట్లాడిన మాటలు)

అందరూ కూర్చోండమ్మా. వెనక నిలబడిన అవ్వలు ముందుకు రండి, ఈరోజు నేను మాట్లాడేది సగం మీతోనే. ఈ పిల్లలకు గాజులు వేశారు, చలిమిడి పెట్టారు, చూడటానికి బాగుంది. కానీ ఇంటికి పోయాక వీళ్లకు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో తేల్చేది అత్తలూ అమ్మలూ అవ్వలే గదా. కడుపుతో ఉన్న పిల్ల చేతిలో ఏముంటుంది? నేనూ ఒకప్పుడు ఆ పిల్లనే, అందుకే అంటున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. నా మొదటి కాన్పు 1988లో, మే నెల. మే నెలలో మన తిరుపతి ఎట్లుంటుందో మీకు చెప్పాలా. పుట్టింట్లో ఒక మూల గదిలో పడుకోబెట్టి, కిటికీ మూసి, చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, రోజుకు రెండు గ్లాసుల నీళ్లు ఇచ్చేవాళ్లు, అదీ కాచి చల్లార్చినవి. ఇంకొంచెం అడిగితే మా అవ్వ "వద్దు మే, పొట్ట జారిపోతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది" అనేది. నా మీద ఆమెకున్న ప్రేమకు కొదవ లేదు, రాత్రంతా నా పక్కనే కూర్చుని బిడ్డకు విసనకర్రతో విసిరింది. అప్పటికి నేను నర్సింగ్ చదివేసినదాన్నే, అయినా నోరు తెరవలేదు. ఆరో రోజుకు పాస్‌కు పోతే మంట, ఏడో రోజు చలిజ్వరం, ఆసుపత్రికి తీసుకుపోతే యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. నీళ్లు తాగకపోవడం ఒక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను గానీ, ఆ ఎండాకాలం రెండు గ్లాసులతో ఉండటం మంచి చేయలేదనైతే గట్టిగా చెప్తాను.

ఇది పాత కథ అనుకోకండి. మొన్న మొన్నటి దాకా వార్డులో బాలింత చెంబు ఎత్తితే పక్కనున్న పెద్దామె లాక్కోవడం కళ్లారా చూశాను.

తల్లి పాలల్లో నూటికి 87 వంతులు నీళ్లే. ఆ నీళ్లు ఎక్కడ నుంచి రావాలి? పాలిచ్చిన ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు పెట్టుకుని తాగితే చాలు, వేడివో చల్లవో మీ ఇష్టం, శుభ్రమైనవైతే సరి. అట్లని బిందెలు బిందెలు తాగితే పాలు పొంగిపొర్లుతాయని కూడా అనుకోవద్దు. పాలు పెరిగేది బిడ్డ చప్పరించే కొద్దీ. నీళ్లు తల్లి ఎండిపోకుండా ఉండటానికి, కాన్పయ్యాక మలబద్ధకం రాకుండా ఉండటానికి. కుట్లు పడినవాళ్లకు ఆ మలబద్ధకం ఎంత నరకమో, పడినవాళ్లను అడగండి.

ఇక పత్యం. నెల రోజులు కారప్పొడీ అన్నం, లేదంటే మిరియాల చారు. పప్పు తింటే బిడ్డకు కడుపు ఉబ్బుతుంది, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలు, గుడ్డు వేడి, పెరుగు చలవ, పండ్లు జలుబు. అన్నీ తీసేశాక మిగిలేదేమిటి? మన దేశంలో పోషకాహారం లెక్కలు కట్టేవాళ్లు, పాలిచ్చే తల్లి మొదటి ఆరు నెలలు రోజూ మామూలు కంటే 600 కేలరీలు ఎక్కువ తినాలంటారు, కడుపుతో ఉన్నప్పుడైతే 350. అంటే కాన్పయ్యాక ఇంకా ఎక్కువ కావాలి. మనమేమో కడుపుతో ఉన్నప్పుడు "ఇద్దరికి తినాలి" అని బలవంతంగా కుక్కి, కాన్పు కాగానే కంచం లాగేసుకుంటాం. తిరగేసి చేస్తున్నాం అవ్వా.

నేను పాత పద్ధతులన్నీ తప్పని అనడం లేదు, అట్లా అనేవాళ్లంటే నాకూ చిరాకే. శొంఠి, వాము, వెల్లుల్లి, మిరియం వేసిన కారం నెయ్యితో కలిపి మొదటి ముద్ద పెట్టండి, రుచికి రుచి, తినబుద్ధి అవుతుంది. ఆ తర్వాతి ముద్దకు పప్పు పెట్టండి, అంతే నేనడిగేది. నూనెతో మర్దన చేసి వేడినీళ్లు పోయడం మంచిదే, ఒళ్లు నొప్పులు తగ్గి నిద్ర పడుతుంది, ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రం కుట్లు మానేదాకా పొట్ట మీద చేయి వేయవద్దు. నలభై రోజులు పొయ్యి దగ్గరికి రానీయకుండా పుట్టింట్లో ఉంచుకోవడం ఎంత గొప్ప మర్యాదో, సిటీల్లో ఒక్కతే ఉండి బిడ్డను చూసుకుంటూ అంట్లు తోముకునే ఆడపిల్లలను చూస్తే తెలుస్తుంది. సాంబ్రాణి పొగ మాత్రం మానేయండి. మూసిన గదిలో ఆ పొగ పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తడి జుట్టు ఆరడానికి ఎండ ఉంది గదా, మన జిల్లాలో దానికేం కరువు. ముర్రుపాలు పిండి పారబోయడం, నాలుకకు తేనె రాయడం, వసకొమ్ము అరగదీసి పట్టడం కూడా వద్దు. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించండి, ఆరు నెలలు ఆ పాలే చాలు, బిడ్డకైతే విడిగా నీళ్లు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్లు వినండి. వేవిళ్లకు నేను పెద్దగా చెప్పేదేం లేదు, కొంచెం కొంచెం ఎక్కువసార్లు తినండి, అల్లం వేసిన మజ్జిగో అల్లం కషాయమో చాలామందికి పనిచేస్తుంది, నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే ఇంట్లో ఉండొద్దు, ఆసుపత్రికి పోండి.

నేను ఎక్కువ చెప్పాల్సింది రక్తం గురించి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే గర్భిణికి రక్తహీనత కింద లెక్క. 7 కంటే తగ్గితే అది ప్రమాదం, అట్లాంటి మనిషికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా తట్టుకునే శక్తి ఉండదు. రక్తం తక్కువని చెప్పగానే మొగుడు దానిమ్మకాయలు తెస్తాడు, అమ్మ బీట్‌రూట్ జ్యూస్ తీస్తుంది. ఎర్రగా ఉన్నంత మాత్రాన అది రక్తమైపోదమ్మా! ఆ రెంటిలో ఇనుము చాలా తక్కువ. మన దగ్గర పండే ఉలవలు చూడండి, వంద గ్రాముల్లో 8 మిల్లీగ్రాముల దాకా ఇనుము. ఎద్దులకు పెట్టేదని చిన్నచూపు చూస్తాం గానీ ఉలవచారు తాగి, ఉడికిన ఉలవలు గుగ్గిళ్లు చేసుకు తినండి. మునగాకు పప్పులో వేయండి, గుడ్డు తినేవాళ్లు గుడ్డు, మాంసం తినేవాళ్లు మాంసం. అనపకాయల కాలమైతే పితికిపప్పు కూర. రాగి సంగటికి చెనిగ్గింజల ఊరిబిండి, దాంతో ఆకుకూర, పైన ఇంత నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రాగుల్లో సున్నం, అంటే కాల్షియం, సంగతి చెప్పనే అక్కర్లేదు, వంద గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైనే. అన్నం తిన్న చేత్తోనే టీ గ్లాసు పట్టుకున్నారంటే మాత్రం తిన్న ఇనుములో చాలా భాగం వృథా, గంటైనా ఆగండి.

ఇంత చెప్పినా తిండితోనే అంతా అయిపోదు. చాలామంది నాతో "అక్కా, నేచురల్‌గా చూసుకుంటా, మాత్రలు వద్దు" అంటారు. ఫోన్లో వీడియోలు చూసి వచ్చే మాట ఇది. ఉలవల్లో ఉన్న 8 మిల్లీగ్రాముల్లో ఒంటికి పట్టేది కొంచెమే. సర్కారు ఇచ్చే ఎర్ర మాత్ర ఒక్కదాంట్లో 60 ఉంటుంది. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి. ఆ రెండో 180 సంగతి చెప్తే సగం మంది నోరెళ్లబెడతారు, బిడ్డ పుట్టాక మాత్రలెందుకు అని. దొడ్డికి నల్లగా పోతుందని భయపడి మానేస్తారు, అది మామూలే. సున్నం మాత్ర, ఇనుము మాత్ర కలిపి మింగొద్దు, రెండు గంటల తేడా ఉండాలి. బలపాలు, పచ్చి బియ్యం, విభూతి తినాలనిపిస్తోందా? నవ్వకండి, ఇక్కడే ఇద్దరు ముగ్గురు ఉంటారు. సిగ్గుపడకుండా ఆశా అక్కకు చెప్పండి, ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లకు చాలాసార్లు అట్లా అనిపిస్తుంది.

నేచురల్ అని చెప్పి అమ్మే పొడులు, లేహ్యాల సంగతి కూడా. మొక్క నుంచి వచ్చిందంతా గర్భిణికి మంచిది కాదు. అశ్వగంధ కడుపుతో ఉన్నప్పుడు వాడొద్దు. నొప్పులు రావాలని ఆముదం తాగించడం ఇంకా ఉంది కొన్ని ఊళ్లలో, నొప్పులు వస్తాయో లేదో గానీ విరేచనాలు పట్టి నీరసించి కాన్పు బల్ల ఎక్కిన పిల్లలను చూశాను. ఆయుర్వేదమే కావాలంటే చదువుకున్న ఆయుర్వేద డాక్టరు దగ్గరికి పోండి, మన తిరుపతిలో ఆయుర్వేద కాలేజీయే ఉంది, మీరు గర్భిణి అని ముందే చెప్పండి. కుంకుమపువ్వుతో బిడ్డ తెల్లగా పుట్టదు, ఆ డబ్బుతో కోడిగుడ్లు కొనండి.

నడక మంచిది, డాక్టరు వద్దననంత వరకు రోజూ అరగంట నడవండి. ఏడో నెలలో అలిపిరి మెట్లు ఎక్కొచ్చా, మొక్కు ఉంది అని అడిగేవాళ్లు ఏటా ఉంటారు. 3550 మెట్లమ్మా అవి! బస్సులో పోండి, స్వామి ఏమీ అనుకోడు, మెట్ల మొక్కు బిడ్డకు రెండేళ్లు వచ్చాక తీర్చుకోవచ్చు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. కాన్పయిన మూడో నాలుగో రోజు నుంచి ఊరికే ఏడుపొస్తుంది, చాలామందికి రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. పోకపోతే, బిడ్డను చూడబుద్ధి కావడం లేదన్నా, నిద్ర లేదన్నా, చచ్చిపోవాలని ఉందన్నా, గాలి సోకిందని తాయత్తు కట్టించి ఊరుకోకండి. మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. ఆ వాకిట్లో నిలబడి ఫోన్లు చూసుకుంటున్న మగవాళ్లు ఈ నంబరు ఎక్కించుకోండి, మీ ఇంటామె తనకు తాను చేయదు.

ఇంక రెండు నిమిషాలు. గుడ్డ మీద గుడ్డ తడిసేలా రక్తం పోతున్నా, కాన్పయ్యాక పోయే మైలలో చెడు వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పెడుతున్నా, తలనొప్పి తగ్గకుండా కళ్లు మసకబారుతున్నా, ఫిట్స్ వచ్చినా ఏ కషాయమూ కాచొద్దు, 108కి ఫోన్ చేయండి. బీపీ కాన్పయ్యాక కూడా పెరుగుతుంది, ఆరు వారాల దాకా. కాన్పుతోనే గండం గడిచిందనుకుని, తలనొప్పికి నుదుటికి శొంఠి పట్టు వేసి ఇంట్లో ఉంచుకుని, ఫిట్స్ వచ్చాక తెచ్చిన కేసులు నా సర్వీసులో ఉన్నాయి. అందరూ బతకలేదు.

బీపీ మిషన్ తెచ్చుకున్నాను. గర్భిణులకు ప్రతి నెలా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు, అందుకని ముందు బాలింతలు రండి. వచ్చేటప్పుడు ఆ డ్రమ్ములో నీళ్లు ఒక గ్లాసు తాగి రండి. అవ్వా, నువ్వే పట్టివ్వు ఆ పిల్లకు.