టెస్టర్ వెలుగుతుంది, సాకెట్ పనిచేయదు: నాలుగు పరికరాల రివ్యూ

అందరికీ నమస్కారం. ఇదిగో చూడండి, చార్జర్ పెట్టాను, స్విచ్ వేశాను. ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు టెస్టర్ పెడుతున్నాను. వెలిగింది చూశారా? ఎర్రగా, నిక్షేపంలా వెలుగుతోంది. కరెంట్ ఉందన్నమాటే కదా? మరి చార్జర్‌కి ఏమొచ్చింది?

నేను బోల్తా పడింది సరిగ్గా ఇక్కడే. టెస్టర్ వెలిగింది కాబట్టి వైరింగ్ బాగానే ఉంది, సాకెట్టే పోయిందనుకుని, మెయిన్ ఆపి కొత్తది బిగించాను. మళ్లీ అదే కథ. కొత్త సాకెట్ కూడా పాడైందేమోనని దాన్నీ విప్పాను, ఆ సంగతి ఎవరికీ చెప్పకండి.

పరికరాలు తీసే ముందు చిన్న పనులు చూసేయండి. అదే చార్జర్ ఇంకో సాకెట్‌లో పనిచేస్తోందా? ఎంసీబీ, అంటే తేడా వస్తే తనంతట తానే కరెంట్ ఆపేసే స్విచ్, ట్రిప్ అయిందా, అదే పడిపోయిందా? దాని మీట ఒక్కోసారి మధ్యలో ఆగి, పడిపోనట్టే కనిపిస్తుంది. పూర్తిగా కిందికి నొక్కి, తర్వాత పైకి లేపాలి. లేపగానే మళ్లీ పడిపోతే పదే పదే లేపకండి, అది ఎక్కడో తేడా ఉందని చెబుతోంది. కొన్ని ఇళ్లలో సాకెట్ మీదే రీసెట్ బటన్ ఉంటుంది. వంటింట్లో అది పడిపోతే దాని తర్వాత లైన్‌లో ఉన్న సాకెట్లు కూడా ఆగిపోవచ్చు.

సరే, మొదటిది మన స్క్రూడ్రైవర్ టెస్టర్. లోపల చిన్న నియాన్ బల్బు, దానికి వరసలో పెద్ద రెసిస్టర్. మనం వెనక వేలు పెట్టగానే చాలా కొద్ది కరెంట్ మన ఒంట్లోంచి వెళ్లి బల్బు వెలుగుతుంది. అంటే ఇది చెప్పేది ఫేజు, అదే కరెంట్ తెచ్చే వైరు, వచ్చిందా లేదా అన్నదే. చార్జర్ నడవాలంటే కరెంట్ న్యూట్రల్ మీదుగా తిరిగి వెళ్లాలి. ఆ దారి తెగిందా అన్నది దీనికి అక్కర్లేదు, ఎందుకంటే దానికి దారి మన ఒళ్లే.

కానీ దీంతోనే ఒక తమాషా చేయొచ్చు. దగ్గరగా చూడండి. ఇదే బోర్డులో రెండో సాకెట్ ఉంది, రెండింటికీ న్యూట్రల్ ఒకటే. అందులో టేబుల్ ల్యాంప్ పెట్టి స్విచ్ వేశాను. ల్యాంప్ వెలగలేదు. ఇప్పుడు మొదటి సాకెట్ న్యూట్రల్ రంధ్రంలో టెస్టర్ పెడుతున్నా. వెలిగింది! ల్యాంప్ ప్లగ్గు తీసేశాను, ఆరిపోయింది. ఫేజు ల్యాంప్‌లోంచి దాటి న్యూట్రల్ వైపు వచ్చి, అక్కడి నుంచి వెళ్లే దారి లేక నిలబడిపోయిందన్నమాట. న్యూట్రల్ కదా, ఏం కాదులే అని ఆ వైరు ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

రెండోది తాకకుండా చూసే పెన్ను. దగ్గర పెడితే చాలు, పీక్ పీక్ అంటుంది. వాడటానికి హాయి, కానీ పక్క వైరులో కరెంట్ ఉన్నా అరుస్తుంది. మన సమస్యకి స్క్రూడ్రైవర్ టెస్టర్ కన్నా ఒక్క మెట్టు కూడా ఎక్కువ చెప్పలేదు. నాకు నచ్చలేదు.

మూడోది ఈ మూడు లైట్ల ప్లగ్గు. దూర్చడమే, వైరు ముట్టుకునే పనే లేదు. ఏ లైట్లు వెలిగితే ఏం తప్పో దాని మీదే చార్టు ఉంటుంది. మన సాకెట్‌లో ఒక్కటే వెలిగింది, చార్టు ప్రకారం న్యూట్రల్ లేదు. నేను మొదటి రోజే ఇది కొని ఉంటే సాకెట్ మిగిలేది. రెండు లోపాలున్నాయి. ఎర్తింగ్ లేని చోట న్యూట్రల్ తెగితే ఒక్క లైటూ వెలగదు, ఫేజే రాలేదనుకుంటాం. న్యూట్రలూ ఎర్తూ తారుమారైతే అసలు పట్టుకోలేదు.

ఇక మల్టీమీటర్. ఏసీ వోల్టేజ్‌లో పెట్టండి, ఎర్ర ప్రోబ్, అంటే కొలిచే ఎర్ర వైరు, పొరపాటున మీటర్ మీది ఆంపియర్ల రంధ్రంలో ఉందేమో రెండుసార్లు చూసుకోండి. అలా పెట్టి ఫేజునీ న్యూట్రల్‌నీ తాకితే అది షార్ట్ సర్క్యూటే. ఫేజు, ఎర్త్ మధ్య నాకు దాదాపు 230 వోల్టులు వచ్చింది. మీ దగ్గర 120 సప్లై అయితే 120 దగ్గర రావాలి. ఫేజు, న్యూట్రల్ మధ్య మాత్రం 30, 40 అంటూ ఊగుతోంది. అది నిజం వోల్టేజ్ కాదు. తెగిన వైరు పక్కన లైవ్ వైరు నడుస్తుంటే మీటర్‌లో ఇలాంటి దెయ్యం అంకెలు కనిపిస్తాయి, ఎందుకంటే మీటర్ దాదాపు కరెంటే తీసుకోదు.

మరి తెగింది ఎక్కడ? చాలా ఇళ్లలో ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి వైరు లూప్ చేస్తారు. అందుకే పనిచేయని బోర్డు ఒక్కటే కాదు, దానికి ముందు పనిచేస్తున్న బోర్డు కూడా విప్పి చూడాలి. విప్పే ముందు మెయిన్ ఆపాలి. ఆపాక మీటర్ సున్నా చూపించిందని నమ్మేయకండి. కరెంట్ ఉన్న సాకెట్‌లో మీటర్‌ని ముందే సరిచూసుకోండి, పని మొదలుపెట్టే ముందు మళ్లీ బోర్డులో కొలవండి. కాలిన వాసన వస్తున్నా, వైరు తొడుగు కరిగినా మూత పెట్టేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మా ఇంట్లో దొరికింది ఇదిగో, పక్క గది బోర్డులో. స్క్రూ కింద రెండు న్యూట్రల్ వైర్లు, ఒకటి గట్టిగా ఉంది, రెండోది వేలితో కదిపితే ఇలా బయటికొచ్చేసింది. చివర కొంచెం నల్లబడింది, చూడండి.