కుర్చీ గురించి నాలుగు మాటలు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, పొద్దున్నే నడక ముగించుకుని ఇళ్లకి వెళ్లకుండా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. మహిళా దినోత్సవం కదా, ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. ఏం తినాలో, ఎంత నడవాలో చెప్పడానికి డాక్టరుగారు ఉన్నారు. నేను కుర్చీ గురించి మాట్లాడతాను.

లావుగా ఉన్న ఆడమనిషి పెళ్లికి వెళ్తే ముందు పెళ్లికూతుర్ని చూడదు, కుర్చీలు చూస్తుంది. చేతులున్నవా, లేనివా? కాళ్లు నిటారుగా ఉన్నాయా, విచ్చుకున్నాయా? కింద గ్రానైటు అయితే ఇంకో భయం. నున్నటి నేల మీద ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు బయటికి జారతాయి. పైగా ఆ కుర్చీలు మన బెజవాడ ఎండలో ఏళ్ల తరబడి ఎండినవి. ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. విరిగితే తప్పు కుర్చీది, తలవంపులు మాత్రం మనిషికి.

గుణదలలో మా స్నేహితురాలి కూతురి పెళ్లి. బంతిలో కూర్చోబోతుంటే వెనక నుంచి ఒక పెద్దాయన, "ఒరేయ్ అబ్బాయ్, అక్కయ్యగారికి రెండు కుర్చీలు కలిపి వెయ్యండ్రా, ఒకటి ఆగదు!" అని కేకేశారు. బంతి బంతంతా తలతిప్పింది. బూరెలో నెయ్యి పోస్తున్న కుర్రాడు గరిటె అలాగే పట్టుకుని నా వైపు చూశాడు. కూర్చున్నాను, తిన్నాను, ఏం తిన్నానో తెలీదు. ఆయన ప్రేమగానే అన్నారు, నాకు తెలుసు. ఆ ప్రేమ కాస్త మెల్లగా చూపిస్తే ఏం పోయేది? ఇప్పటికీ నాకు కడుపులో రగులుతూనే ఉంటుంది.

గుంటూరులో ఇంకో శుభకార్యంలో వంట మేస్త్రి నన్ను దూరం నుంచే చూసి, బంతి చివర చేతుల్లేని ఇనప కుర్చీ వేయించి, "ఇటు రండమ్మా, ఇక్కడ ఫ్యాను గాలి బాగా తగులుద్ది" అన్నాడు. అంతే! ఒక్కరు కూడా తిరిగి చూడలేదు. ఆ రోజు గోంగూర రుచి నాకింకా గుర్తుంది. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మనమేం అరుదైన మనుషులం కాదండీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం మంది అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్లే. వందకి 36 మంది! అందరం ఆ ఇరుకు కుర్చీల్లోనే సర్దుకుంటున్నాం. పల్లెవెలుగు బస్సులో ముగ్గురి సీటు చివర, ఒక కాలు దారిలో పెట్టి కూర్చుంటున్నాం. షేర్ ఆటోలో "ఇద్దరి చార్జీ అవుద్దమ్మా" అంటే మారు మాట్లాడకుండా ఇస్తున్నాం. ఎందుకిస్తున్నాం? నలుగురిలో ఇంకో మాట పడకూడదని.

డాక్టరుగారూ, మీకూ ఒక మనవి. లావు చేతికి మామూలు పట్టీ చుట్టి బీపీ చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పెద్ద పట్టీ ఒకటి తెప్పించండి. బయట ఒక బల్ల వేయించండి. చేతుల కుర్చీల వరస చూసి, షుగరు చూపించుకోకుండానే వెనక్కి వెళ్లిపోయిన ఆడవాళ్లు నాకు తెలుసు.

తగ్గొచ్చుగా అంటారు. తగ్గేవాళ్లు తగ్గుతారు, ఈ లోపల కూర్చోవాలి కదా! వెనక గోడ పక్కన నిలబడ్డవాళ్లని రండి, కూర్చోండి అని మైకులో పిలవను. ఎందుకు నిలబడ్డారో నాకు తెలుసు. కార్యదర్శిగారికి చెప్పి రెండు వైపులా బల్లలు వేయించాను.

షామియానా సప్లయర్స్ ఎవరైనా వచ్చి ఉంటే ఒక్క నిమిషం ఆగండి. ఏ ఫంక్షనుకైనా చేతుల్లేని ఇనప కుర్చీలు పది పంపండి. ఒక మూల విడిగా వద్దు, అన్ని వరసల్లో కలిపి వెయ్యండి. సీటు 22 అంగుళాల వెడల్పుంటే చాలు. కొలతలు కాయితం మీద రాసి తెచ్చాను, మీటింగయ్యాక ఇస్తాను.